మందు కొట్టని కందిపప్పుకు కూడా గ్యాస్ వస్తుంది: జీవామృతం డ్రమ్ము నేర్పిన పాఠం



పైన వీడియోలో జీవామృతం డ్రమ్ము చూశారు కదా. మన పాత వీడియోలు చూసినవాళ్లకు కొలతలు నోటికి వచ్చి ఉంటాయి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల దాకా ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి ఓ గుప్పెడు. రెండో రోజుకల్లా పైన నురగ కడుతుంది, బుడబుడ మని బుడగలు వస్తాయి. అందుకే మనం డ్రమ్ముకు మూత బిగించం, గోనెసంచి కప్పి వదిలేస్తాం. బెల్లం, శనగపిండి తిన్న సూక్ష్మజీవులు గ్యాస్ వదులుతాయి. మూత బిగిస్తే డ్రమ్ము ఉబ్బుతుంది.

ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ఈ రోజు చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. కాకపోతే డ్రమ్ము పొలంలో లేదు, మన కడుపులో ఉంది.

నేను చేసిన తప్పు

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్లుగా రుద్రారం రోడ్డు మీద, పండుగలప్పుడు గణేశ్ గడ్డ దగ్గర మా కందిపప్పు, జొన్నపిండి, ఉల్లిగడ్డ అమ్ముతున్నాను. కొనేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లే. "ఈ పప్పు తింటే గ్యాస్ రాదు, మందు కొట్టలేదు కాబట్టి కడుపుకు హాయి" అని వాళ్లకు చెప్పేవాణ్ణి. నాకు ఎవరో చెప్పారు, నేను ఇంకొకరికి చెప్పాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు, నిజమా కాదా అని చూసుకోకుండా చెప్పాను.

పాశమైలారం వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు ఒకతను నెలకు రెండు కిలోల పప్పు తీసుకుపోయేవాడు. ఒకరోజు వచ్చి, "అన్నా, నీ పప్పు రుచి మంచిగుంది. కానీ నా కడుపు మాత్రం డప్పు లెక్క అయితాంది. రాత్రి షిఫ్టుల కూసోలేను, నిలబడలేను" అన్నాడు. నేనేం చెయ్యాలి? డాక్టరుకు చూపించుకో తమ్మీ అనాలి. అలా అనలేదు. "బయట క్యాంటీన్‌లో తినే పప్పుకు మందు ఉంటది, దానివల్లే. పూర్తిగా మన పప్పే తిను" అన్నాను. అతను నమ్మాడు. ఇంకా ఎక్కువ తిన్నాడు. ఇంకా ఎక్కువ బాధపడ్డాడు.

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అతను అన్న మాట నన్ను పట్టుకుంది. "విచిత్రం చూడు అన్నా. నేను అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు కడుపు మంచిగుంటది. మాల తీసిన వారానికే మళ్లీ షురూ."

అతను స్వామి దయ అనుకున్నాడు. ఆ నమ్మకం జోలికి నేను పోను. కానీ మాలలో ఉన్నప్పుడు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టరు. సిగరెట్, మద్యం ఉండవు. తిండికి ఒక వేళ ఉంటుంది. మాల తీసిన రోజు నుంచి అన్నీ ఒకేసారి మళ్లీ మొదలవుతాయి. ఇందులో దేనివల్ల కడుపు బాగుందో ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే దొరికిన మాటే ఫాడ్‌మ్యాప్.

ఫాడ్‌మ్యాప్ అంటే ఏమిటి

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ఆహార పద్ధతిని తయారుచేశారు. పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఈ పేరును పరిశోధన పత్రంలో వాడారు. ఒలిగోశాకరైడ్లు, డైశాకరైడ్లు, మోనోశాకరైడ్లు, పాలియోల్స్ అనే పులిసే గుణమున్న చిన్నచిన్న చక్కెరలన్నిటికీ కలిపి పెట్టిన పొట్టిపేరు అది.

పేర్లు గుర్తుండకపోయినా పర్వాలేదు. పని ఎలా జరుగుతుందో తెలిస్తే చాలు.

కందిపప్పులో, శనగల్లో, ఉలవల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విరగ్గొట్టే ఎంజైము మనిషి పేగుల్లో లేదు. నాకూ లేదు, మీకూ లేదు, పహిల్వానుకూ లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమల్లో ఫ్రక్టాన్లు ఉంటాయి. వాటినీ మనం అరిగించలేం. ఇవి చిన్న పేగు దాటి అలాగే పెద్ద పేగులోకి పోతాయి. దారిలో నీళ్లను తమవైపు లాక్కుంటాయి. అక్కడ ఉన్న సూక్ష్మజీవులకు అవి జీవామృతం డ్రమ్ములో పడ్డ శనగపిండి లాంటివే. తింటాయి, గ్యాస్ వదులుతాయి.

ఈ పని అందరి కడుపులోనూ జరుగుతుంది. తేడా ఎక్కడంటే, కొందరి పేగు నరాలు చాలా సున్నితంగా ఉంటాయి. పక్కవాడికి తెలియని ఉబ్బరం వీళ్లకు మెలిపెట్టే నొప్పి అవుతుంది. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, కొందరికి రెండూ మార్చి మార్చి. దీన్నే డాక్టర్లు ఐబీఎస్ అంటారు. పరీక్షలన్నీ చేయిస్తే రిపోర్టు నార్మల్ వస్తుంది. ఇంట్లోవాళ్లు "నీకేం లేదు, ఉత్త అనుమానం" అంటారు. అనుమానం కాదండీ, నొప్పి నిజమే.

ఇప్పుడు మన వ్యవసాయంవాళ్లకు మింగుడుపడని మాట చెప్తాను. ఉల్లిగడ్డలో ఫ్రక్టాన్ అనేది యూరియా వల్ల రాలేదు. అది ఉల్లి తనకోసం దాచుకున్న తిండి. జీవామృతం పోసి పండించినా అది ఉంటుంది. కందిలో రాఫినోజ్ కూడా అంతే, గింజ మొలకెత్తడానికి దాచుకున్న బలం అది. దేశీ ఆవు పాలైనా సరే, వాటిలో లాక్టోజ్ ఉంటుంది. అడవి తేనె అయినా సరే, గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ ఉంటుంది. మన పంట సహజమైనదే. గ్యాస్ పుట్టించే ఆ చక్కెర కూడా అంతే సహజమైనది.

ఇక్రిశాట్ కంచె లోపల రెండు జాబితాలు

మన పటాన్‌చెరు దగ్గర 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటల మీద ఆ సంస్థ ఏళ్ల తరబడి పనిచేసింది. మెట్ట రైతు బతికేది ఈ పంటల మీదే. ఫాడ్‌మ్యాప్ జాబితా తీసి చూస్తే నాకు నవ్వొచ్చింది. జొన్న, వేరుశనగ తక్కువ ఫాడ్‌మ్యాప్ వైపు ఉన్నాయి. కంది, శనగ ఎక్కువ వైపు ఉన్నాయి. ఒకే కంచె లోపల పెరిగే పంటలు రెండు జాబితాల్లోకి చీలిపోయాయి.

దీని అర్థం కంది చెడ్డదని కాదు. కంది మన నేలకు నత్రజని ఇస్తుంది, మన పిల్లలకు మాంసకృత్తులు ఇస్తుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఊరికే రాలేదు. కడుపు బాగున్నవాళ్లు హాయిగా తినొచ్చు, తినాలి కూడా. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు ఇవే తిండి.

ఇంకో సంతోషం ఏంటంటే, మన పాత తిండిలో సగం ఈ జాబితాకు సరిపోతుంది. జొన్నరొట్టె, వరి అన్నం, రాగి అంబలి, పల్లీలు, నువ్వులు, పాలకూర, బెండకాయ, వంకాయ, ఆలుగడ్డ, క్యారెట్, దోసకాయ, బొప్పాయి, కమలా, గుడ్డు, చేప, కోడికూర, నెయ్యి. ఇవన్నీ మామూలు మోతాదులో పర్వాలేదు. జహీరాబాద్ వైపు పస్తాపూర్ డీడీఎస్ సంఘాల అక్కలు ఏళ్ల తరబడి కాపాడుకొచ్చిన జొన్న, ఇలాంటివాళ్లకు గోధుమ చపాతీ బదులు చక్కగా పనికొస్తుంది. ఈ ఆహారానికి విదేశీ సామాను ఏదీ కొనక్కర్లేదు. "గ్లూటెన్ ఫ్రీ" అని రాసిన ఖరీదైన ప్యాకెట్లు అసలే వద్దు.

డాక్టరు దగ్గరికి పోకుండా మొదలుపెట్టకండి

ఈ మాట పెద్ద అక్షరాలతో రాసినట్టు చదవండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం, 50 దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టరు. తిండి మార్చుకుంటూ నెలలు గడిపేస్తే అసలు జబ్బు లోపల ముదురుతుంది. గోధుమ మానేయకముందే సీలియాక్ పరీక్ష చేయించుకోవాలి. మానేసిన తర్వాత చేస్తే ఆ పరీక్ష సరిగా పట్టదు.

మన ప్రాంతానికి ఇంకో మాట ఉంది. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ నీళ్ల కథ మనందరికీ తెలుసు. నక్కవాగు ఏమైందో ఊళ్లలో పెద్దవాళ్లను అడగండి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ప్రపంచమంతా ఆ లెక్క గురించి మాట్లాడుకుంది. అందుకని ఇంట్లో నలుగురికీ ఒకేసారి కడుపు పాడైతే పప్పును కాదు, నీళ్లను అనుమానించండి. బోరు నీళ్లు పరీక్ష చేయించండి. అమీబా, జియార్డియా లాంటివి ఉన్నాయేమో మల పరీక్షలో తేలుతుంది. ఉల్లిగడ్డ మానేస్తే అవి పోవు.

అట్లాగే ప్రతి కడుపునొప్పినీ ఫ్యాక్టరీ మీద, పురుగుమందు మీద వేయడం కూడా తప్పే. నేను చేసింది అదే. మన కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ కోపంతో రోగాన్ని గుర్తుపట్టలేం.

ముందు తేలిక పనులు

ఫాడ్‌మ్యాప్ మొదటి మెట్టు కాదని నా అభిప్రాయం. ఇది నా ఒక్కడి అభిప్రాయం కూడా కాదు. స్వీడన్‌లో 2015లో 75 మంది ఐబీఎస్ రోగుల మీద చేసిన పరీక్ష ఒకటి ప్రచురించారు. సగం మందికి నాలుగు వారాలు తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం, మిగతా సగం మందికి మామూలు సలహాలు. అంటే వేళకు తినడం, కొంచెం కొంచెం తినడం, నమిలి తినడం, కొవ్వు, కాఫీ, సోడాలు తగ్గించడం. మొదటి గుంపులో 50 శాతం మందికి, రెండో గుంపులో 46 శాతం మందికి మంచి ఊరట దొరికింది. తేడా ఏమంత లేదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా ముందు ఈ మామూలు సలహాలు పాటించమని, అప్పటికీ తగ్గకపోతేనే ఆహార నిపుణుల సాయంతో ఫాడ్‌మ్యాప్ వైపు వెళ్లమని చెప్తాయి.

మన షిఫ్టు తమ్ముళ్ల సంగతి చూడండి. రాత్రి రెండింటికి నిండా అన్నం, నిద్ర ఆపుకోవడానికి ఐదారు పాల చాయలు, మధ్యలో మిర్చి బజ్జీ, పొద్దున ఇంటికొచ్చి తిని వెంటనే పడక. ఇందులో ఉల్లిగడ్డ తప్పు ఎంత, వేళ తప్పిన తిండి తప్పు ఎంత? ముందు మూడు నాలుగు వారాలు వేళ సరిచేసుకోండి, చాయ తగ్గించండి. చాలామందికి అక్కడే సగం తగ్గుతుంది.

అప్పటికీ తగ్గకపోతే మూడు మెట్లు

మొదటి మెట్టు తగ్గించడం. రెండు వారాల నుంచి ఆరు వారాలు మాత్రమే. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమ, మైదా, కంది, శనగ, రాజ్మా, పాలు, జీడిపప్పు, తేనె, మామిడి, ఆపిల్, పుచ్చకాయ, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు పక్కన పెడతారు. షుగర్ ఫ్రీ అని రాసిన చాక్లెట్లు, చూయింగ్ గమ్‌లలో సార్బిటాల్ లాంటివి ఉంటాయి, అవి కూడా.

మన వంటలో అసలు కష్టం ఉల్లి, ఎల్లిగడ్డ లేకుండా కూర ఎట్లా అని. "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అని పెరిగినవాళ్లం. దీనికి నాలుగు ఉపాయాలు.

ఒకటి, ఉల్లికాడలు. కాడల్లో పచ్చటి భాగం తక్కువ ఫాడ్‌మ్యాప్. తెల్ల గడ్డ వదిలేసి పచ్చకాడ మాత్రమే వాడండి. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ బదులు కాడలు సన్నగా తరిగి వేస్తే రుచి పోదు.

రెండు, నూనె. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. ఎల్లిగడ్డ రెబ్బల్ని నూనెలో వేయించి, రెబ్బలు పూర్తిగా తీసేసి, ఆ నూనెతో తాలింపు పెట్టుకోవచ్చు. వాసన వస్తుంది, ఫ్రక్టాన్ రాదు. కానీ ఆ నూనెను అప్పటికప్పుడు వాడుకోవాలి, సీసాలో పోసి రోజుల తరబడి బయట ఉంచొద్దు. విషపు సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. చారులో ఎల్లిగడ్డ వేసి తీసేస్తే మాత్రం లాభం లేదు, అందులో నీళ్లున్నాయి కదా.

మూడు, ఇంగువ. మన అమ్మమ్మల మందు. కాకపోతే బజారులో దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. చిటికెడు వేస్తే చాలామందికి ఏమీ కాదు, కానీ సీలియాక్ ఉన్నవాళ్లు డబ్బా వెనక రాసింది చదివి తీసుకోవాలి.

నాలుగు, పప్పు. పూర్తిగా మానేస్తే శాకాహారులకు మాంసకృత్తులు తగ్గిపోతాయి. పెసరపప్పు ఉడికింది పావు కప్పు దాకా చాలామందికి పడుతుంది. ఏ పప్పు అయినా రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, పైన తేరిన నీళ్లు వంపేస్తే ఆ చక్కెరలు కొంత బయటికి పోతాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కడుపు బాగాలేనప్పుడు తేలిక అని మనం పప్పుకట్టు, ఉలవచారు తాగుతాం. కరిగిన చక్కెరలు ఉండేదే ఆ నీళ్లలో! ఐబీఎస్ ఉన్నవాళ్లకు అది తేలిక కాదు. మినప్పప్పుతో చేసిన ఇడ్లీ మాత్రం పిండి పులిసేటప్పుడే సూక్ష్మజీవులు కొంత పని చేసిపెడతాయి కాబట్టి మేలు. ఇడ్లీలోకి ఉల్లి, పుట్నాలు లేని పల్లీ చట్నీ.

షిఫ్టు డబ్బా ఇలా ఉండొచ్చు: రెండు జొన్నరొట్టెలు లేదా అన్నం, ఇంగువ తాలింపుతో బెండకాయ వేపుడు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక కమలా పండు. దీనికి క్యాంటీన్‌వాళ్లను బతిమాలక్కర్లేదు.

ఇంట్లో వండే అక్కలకు రెండు వంటలు చేసే భారం పెట్టకండి, అన్నలారా. కూర మొత్తం ఉల్లి లేకుండా చేసి, మిగతావాళ్లకు వేయించిన ఉల్లిగడ్డ వేరే గిన్నెలో పెడితే ఎవరికి కావాల్సింది వాళ్లు కలుపుకుంటారు. ఆ ఉల్లి కోసి వేయించే పని మీరు చెయ్యండి.

రెండో మెట్టు తిరిగి తెచ్చుకోవడం. అసలైన మెట్టు ఇదే, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే. ఒకసారి ఒక్క పదార్థమే. మూడు రోజులు, రోజురోజుకూ కొంచెం పెంచుకుంటూ. తర్వాత రెండు మూడు రోజులు ఆగి ఇంకోటి. పాలు విడిగా, గోధుమ విడిగా, ఉల్లి విడిగా, ఎల్లిగడ్డ విడిగా, పప్పు విడిగా. చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. పొలంలో ఏ మడికి ఏం వేశామో రాసుకోకపోతే పంట చూసి ఏం నేర్చుకుంటాం? అన్ని మళ్లకూ అన్నీ వేసేస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్తారు? మాల తీసిన రోజు అన్నీ ఒకేసారి తినేస్తే జరిగేది అదే.

మూడో మెట్టు మీ సొంత జాబితా. ఎవరి కడుపు వాళ్లదే. ఒకరికి పాలు పడవు, ఒకరికి గోధుమ పడదు. ఇంకొకరికి ఒక్కోటి పడుతుంది, అన్నీ కలిస్తే పడదు. బిందె లాంటిది అనుకోండి. చాయలో పాలు ఓ గ్లాసు, చపాతీ ఓ గ్లాసు, ఉల్లి వేసిన పప్పు ఓ గ్లాసు, మీద మామిడిపండు. ఏ ఒక్కటీ బిందెను నింపదు. నాలుగూ కలిస్తే పొర్లుతుంది.

ఎందుకు ఆరు వారాలు దాటొద్దు

మోనాష్ బృందమే 2014లో 30 మంది ఐబీఎస్ రోగులతో ఒక పరీక్ష ప్రచురించింది. 21 రోజులు తక్కువ ఫాడ్‌మ్యాప్, 21 రోజులు మామూలు ఆస్ట్రేలియా తిండి. తక్కువ ఫాడ్‌మ్యాప్ రోజుల్లో బాధ దాదాపు సగానికి తగ్గింది. అదే బృందం తర్వాత మలాన్ని పరీక్షిస్తే, ఆ రోజుల్లో పేగుల్లోని బ్యాక్టీరియా మొత్తం సంఖ్య కూడా తగ్గినట్టు తేలింది.

మనకు ఇది అర్థం కావడానికి డిగ్రీలు అక్కర్లేదు. జీవామృతం ఆపేస్తే నేల ఏమవుతుంది? ఒక నెల ఏమీ కాదు. ఏళ్లు ఆపేస్తే వానపాము కనబడదు. కడుపులో ఉన్నదీ నేల లాంటిదే. గ్యాస్ బాధ తట్టుకోలేక డ్రమ్ములో శనగపిండి వేయడం కొన్నాళ్లు ఆపుతున్నాం, అంతే. డ్రమ్మునే పారేయడం లేదు. ఉల్లి, పప్పు జీవితాంతం మానేసి, సన్నబడిపోయి, "ఇప్పుడు గ్యాస్ లేదు" అని సంతోషపడేవాళ్లు ఒక బాధ పోగొట్టుకుని ఇంకో బాధ కొనుక్కుంటున్నారు. పిల్లలు, గర్భిణులు, ముందే బక్కగా ఉన్నవాళ్లు, తిండి అంటేనే భయం పట్టుకున్నవాళ్లు ఆహార నిపుణులు పక్కన లేకుండా ఇది అసలు మొదలుపెట్టొద్దు.

"మా తాతలు ఇవన్నీ చూశారా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. తాతలు ఉల్లిగడ్డ జొన్నరొట్టెలోకి నంజుకున్నారు. మైదా లేదు, రోజుకు ఐదు పాల చాయలు లేవు, రాత్రి షిఫ్టు లేదు. బిందెలో చోటు ఉండేది. అయినా కడుపునొప్పి లేని కాలం ఏదీ లేదు. వాము, శొంఠి, ఇంగువ ప్రతి ఇంట్లో ఎందుకున్నాయి మరి? అనుములు నానబెట్టి నీళ్లు పారబోయడం, మజ్జిగ బాగా పులియబెట్టడం వాళ్లు అనుభవంతో నేర్చుకున్నవే. వాళ్లు చేసిన పనికే ఇప్పుడు లెక్కలు దొరికాయి. తాతల మీద గౌరవం ఉంటే వాళ్లలాగే గమనించి నేర్చుకుందాం.

మన రైతులకు నా మాట

మన పంట అమ్మడానికి మనకు నిజమైన కారణాలు చాలా ఉన్నాయి. నేల బాగుంటుంది, పిచికారీ కొట్టే మనిషి ఊపిరితిత్తులు బాగుంటాయి, అప్పు తగ్గుతుంది, చెరువులోకి విషం పోదు. ఇవి చాలు. "మన పప్పుకు గ్యాస్ రాదు, మన పాలు ఎవరికైనా పడతాయి, మన తేనె అన్ని రోగాలకు మందు" అనే మాటలు మనకు అక్కర్లేదు. అలా తప్పుదారి పట్టించే ప్రచారాన్ని 2018 ఆహార భద్రత నిబంధనలు కూడా ఒప్పుకోవు. చట్టం సంగతి అలా ఉంచండి. మన మాట నమ్మి ఒక మనిషి ఆస్పత్రికి పోవడం రెండు నెలలు ఆలస్యం చేస్తే ఆ పాపం ఎవరిది? నా విషయంలో అది నాదే.

చేయగలిగిన పనులు ఉన్నాయి. ఉల్లికాడలు కట్టలు కట్టి అమ్మండి. జొన్నపిండి, రాగిపిండి దేనికది విడిగా ఇవ్వండి. "మల్టీగ్రెయిన్" అని గోధుమ, శనగ, సోయా కలిపేస్తే కడుపు బాగాలేనివాళ్లు ఏది తిన్నారో వాళ్లకే తెలియదు. సాంబారు పొడి మీద ఏ పప్పులు వేశారో పేర్లు రాయండి. అడిగితే "ఇది కొందరికి పడదు అమ్మా" అని చెప్పండి. ఒక కిలో తక్కువ అమ్ముడుపోతుంది, అంతే.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. డాక్టరు పరీక్షలు చేసి ఐబీఎస్ అన్నారు, ఆహార నిపుణురాలి దగ్గరికి పంపారు. నాలుగు వారాలు తగ్గించాడు, తర్వాత ఒక్కొక్కటీ తెచ్చుకున్నాడు. తేలింది ఏమిటంటే, అతనికి పచ్చి ఉల్లిగడ్డ అస్సలు పడదు. చాయలో పాలు పడతాయి. చపాతీ ఒకటి పర్వాలేదు, మూడైతే ఇబ్బంది. కందిపప్పు నానబెట్టి వండితే చిన్న గిన్నెడు పడుతుంది.

మొన్న వచ్చి రెండు కిలోల బదులు అర కిలో పప్పు, మూడు కిలోల జొన్నపిండి, రెండు కట్టల ఉల్లికాడలు తీసుకున్నాడు. "ఈసారి గ్యాస్ రాదని చెప్పవేంది అన్నా?" అని నవ్వాడు. "రావచ్చు తమ్మీ, నానబెట్టి నీళ్లు పారబొయ్యి" అన్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే, ఏది పడింది, ఏది పడలేదో కింద రాయండి. మందులు, మోతాదులు మాత్రం నన్ను అడగకండి, డాక్టరును అడగండి. వచ్చే వీడియోలో ఉల్లికాడల మడి ఎలా వేసుకోవాలో చూద్దాం.